నీకు వచ్చిపోయింది గద!

"హర్షిత్‌గానికి తల్లి పోసిందట. స్రవంతి ఫోన్ చేసింది. రేపు పొద్దుగాల బస్సుకు పో" అన్నాడు మా ఆయన జయపాల్.

శనివారం సాయంత్రం, నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. ఒకటి పెనం మీద ఉంది, ఇంకోటి నా అరచేతుల కింద సగం సాగి ఉంది. ఆయన చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి గోలెం దగ్గరికి పోయాడు. పోతావా అని అడగలేదు. అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. "కరెంటొచ్చింది, మోటరెయ్యి" అన్నట్టే "తల్లి పోసింది, నువ్వు పో" అంటారు. నేను పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయాను. మాడు వాసన వచ్చాక "ఏందే, రొట్టె మీద సోయి లేదా?" అని కూడా ఆయనే అన్నాడు.

పుస్తకాల్లో దాన్ని ఆటలమ్మ అని రాస్తారు, డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటారు. మా దేవరుప్పుల దిక్కు తల్లి పోసింది అంటాం. తల్లి పోసిన ఇంట్లో తాలింపు చిటపటలాడొద్దు, నీసు వండొద్దు, వాకిట్లో వేపమండలు కట్టాలి, బయటివాళ్లు గడప తొక్కొద్దు. రోగంతో ఉన్న పిల్లను గానీ పిల్లగాణ్ని గానీ కసురుకోవద్దు. అన్నిరోజులూ వాళ్ల ఒంట్లో ఉన్నది తల్లి కదా, "ఏం గావాలె తల్లీ" అనే పలకరించాలి. వాళ్లు అర్ధరాత్రి ఐస్‌క్రీం అడిగినా సరే! ఇక మంచం పక్కన కూర్చునే మనిషికి అంతకుముందే తల్లి పోసి ఉండాలి. ఒకసారి వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రాదు. ఈ ఒక్క మాట మీద మా ముసలవ్వలకూ పట్నం డాక్టర్లకూ తగాదా లేదు. తగాదా ఉన్నదల్లా ఎవరికి వచ్చిపోయింది అని చూసేకాడే. మా ఇంట్లో పెద్దవాళ్లలో, అందరి లెక్క ప్రకారం, వచ్చిపోయింది నా ఒక్కదానికే.

అందుకు సాక్ష్యం నా మొహం మీదే ఉంది. కుడి కనుబొమ్మ పైన పెసరగింజంత గుంట. పెళ్లిచూపుల నాడు మా అమ్మ దానిమీదికి వెంట్రుకలు లాగి దువ్వింది. మా అత్తమ్మ కట్టమ్మ ఊరుకుందా! గడ్డం పట్టుకుని నా మొహాన్ని వెలుగుకు తిప్పి "పిల్లకు తల్లి పోసిందా?" అని అడిగింది. మా అమ్మ నా వెంట్రుకలు మళ్లీ ముందుకు లాగింది. "చిన్న మచ్చనే వదినె, పౌడరేస్తే కనవడది" అంది. "కనవడితే ఏమాయె! తల్లి పోసినోళ్లు ఇంట్ల ఒగలుండాలె, మంచిదే" అంది అత్తమ్మ. మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేనూ మురిసిపోయాను, మొహం మీది మచ్చకు వంక పెట్టని అత్త దొరికిందని. ఎంత పిచ్చిదాన్ని! అంగట్లో ఎద్దు పళ్లు చూసి మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది ఆమె.

పెళ్లయిన తొలి ఎండాకాలమే తరిగొప్పులలో మా బావగారి పిల్లలకు తల్లి పోసింది. "నీకు వచ్చిపోయింది గద" అని నన్ను పంపారు. తర్వాత అత్తమ్మ తమ్ముడి కోడలికి. తర్వాత పాలోళ్ల, అంటే దాయాదుల, ఇంట్లో ఒక ముసలాయనకు. తర్వాత ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా బిడ్డ శిరీషకు, అది నా బిడ్డే కాబట్టి లెక్కలోకి రాదు. ఏటా మామిడిపూత రాలేసరికి ఎవరింట్లోనో వేపమండలు కట్టేవాళ్లు, నేను బ్యాగు సర్దుకునేదాన్ని. పోయిన చోట పని ఇదీ అని ఎవరూ చెప్పరు. గోకకుండా చేతులు పట్టుకుని కూర్చోవాలి, వేపరెమ్మతో ఒళ్లంతా నిమరాలి, చీముపట్టిన బట్టలు వేరుగా ఉతకాలి, అన్నం మెత్తగా ఉడికించి పెరుగు కలిపి తినిపించాలి. తగ్గి నీళ్లు పోసిన నాడు చుట్టాలంతా కొత్తబట్టలు పట్టుకుని వస్తారు. ఆ రోజు కోడి కోస్తారు, వండేది కూడా నేనే. "కట్టమ్మ మంచిది, కోడల్ని పంపింది" అని అందరూ మెచ్చుకుంటారు. పంపినామె మంచిది, పోయినామె సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఒకసారి తరిగొప్పులకు పోవాల్సిన వారంలో నా నెలసరి ఉంది. ముట్టయిన మనిషి తల్లి దగ్గర కూర్చుంటే తప్పు. అత్తమ్మ వాకిట్లో నిలబడి, గోడవతల పక్కింటివాళ్లు బట్టలారేసుకుంటుంటే "నీ తారీఖు ఎప్పుడే?" అని అడిగింది. జయపాల్ మెడికల్ షాపుకు పోయి కాగితంలో చుట్టిన గోలీలు తెచ్చాడు. "ఏస్కో. తల్లితోని ఆటలొద్దు" అన్నాడు. నా ఒంట్లో రక్తం ఎప్పుడు పోవాలో ఆయనా వాళ్ల అవ్వా కలిసి ఒక నిర్ణయానికి వచ్చి, నా చేతికి నీళ్లగ్లాసు ఇచ్చారు. మింగాను. ఆ మరుసటి నెల మంచం మీదినుంచి లేవలేకపోయాను. "నీ ఒళ్లే మంచిది గాదు" అన్నాడు.

జనగామలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. డిగ్రీ చదివింది అందుకే. రెండు ఎండాకాలాలు పరీక్షల ముందర సెలవు అడిగేసరికి ఆ కరస్పాండెంటు అద్దాలు తీసి బల్ల మీద పెట్టి "మీ చుట్టాలల్ల రోజొకలకు తల్లి పోస్తదా మేడం?" అన్నాడు. పక్కనున్న టీచర్లు నవ్వారు. మూడోసారి నేను సెలవు అడగలేదు, ఆయనే ఇక రావద్దన్నాడు. ఇంటికొచ్చి చెబితే "పోనీతీ, గా తిరుగుడు తప్పింది నీకు" అన్నాడు జయపాల్. నిజంగా నా మంచికే అన్నానని ఆయన నమ్మకం.

ఇప్పుడు నేను చేసే పని వేరు. హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన సంస్థ వాళ్లు వచ్చి మా మండలంలో ఊరూరా కొంతమంది రక్తం తీసి పరీక్ష చేస్తున్నారు. ఎవరికి తట్టు వచ్చిపోయింది, ఎవరికి తల్లి పోసింది, ఎవరికి చికెన్‌గున్యా తగిలింది అనేది తెలుసుకోవడానికి. రోగం వచ్చిపోయాక ఒళ్లు దాన్ని మరిచిపోదు, రక్తంలో గుర్తు దాచుకుంటుంది. డాక్టర్లు ఆ గుర్తులను యాంటీబాడీలు అంటారు. ఇంటింటికీ పోయి ఇది అర్థమయ్యేట్టు చెప్పి, సరే అనిపించి, రక్తం తీసే ఉమను వెంటబెట్టుకుపోవడం నా పని. సులువేం కాదు. భిక్షపతి అని ఒక పెద్దాయన "నా రక్తం తీస్కపోయి పట్నంల ఎవలకు ఎక్కిస్తరే?" అని చెయ్యి వెనక దాచుకున్నాడు. "నీ రక్తం ఎవలకు పడ్తది పెద్దయ్యా, అంత కల్లే గద!" అన్నాను. ఆయన పగలబడి నవ్వి చెయ్యి చాపాడు. ఆ పని నాకు ఇష్టం. మెడలో కార్డు వేసుకుని నడుస్తుంటే జయపాల్ భార్య పోతోంది అనరు, కనకలక్ష్మి మేడం వస్తోంది అంటారు. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా నాకు లోపల ఒక మెట్టు ఎక్కినట్టుండేది, ఎందుకు దాచుకోవాలి?

పోయిన నెల పరీక్షకు కంప్యూటరు ఎంచిన ఇళ్లలో మా ఇల్లు కూడా వచ్చింది. మా ఇంట్లో నేను పని చేయకూడదు కాబట్టి ఉమ ఇంకొకామెతో వచ్చి రక్తం తీసింది. జయపాల్ మొహం అటు తిప్పుకుని "నేను చిన్నప్పటిసంది మంచమెక్కినోన్ని గాదు. ఏం దొరుకుతదో చూడున్రి" అన్నాడు. పోయిన వారం మా డాక్టరు మంజుల మేడం ఫలితాలు చెప్పడానికి వచ్చింది. ఎవరి రక్తం సంగతి వాళ్లకే చెప్పాలి, పక్కవాళ్లు అడగకూడదు, అది మా పనిలో మొదటి నియమం. అందుకని లోపలి అర్రలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చెప్పింది. జయపాల్ బయటికొచ్చి చెప్పులు తొడుక్కుని పొలం దిక్కు పోయాడు. "ఏమన్నది?" అంటే "అంత మంచిగనే ఉందట" అన్నాడు. అత్తమ్మ కొంగు మొహం మీద వేసుకుని మధ్యాహ్నం దాకా పడుకుంది. షుగరేమన్నా బయటపడిందేమో, నాకు చెప్పుకోవడానికి మనసొప్పలేదేమో అనుకున్నాను. పనిలో నేర్చుకున్న మర్యాద కొద్దీ నేనూ అడగలేదు.

ఆ రోజే పోతూ పోతూ మంజుల మేడం నాతో ఇంకో మాట చెప్పింది. పరిశోధన రెండో భాగం మానుకోటలో మొదలవుతోంది, అదే, మహబూబాబాద్‌లో. ఏ గుర్తూ లేనివాళ్లకు టీకా వేసి, వాళ్ల ఒళ్లు దాన్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటుందో చాలాకాలం చూస్తారు. అక్కడ ఫీల్డు సూపర్‌వైజరుగా నా పేరు రాసింది. "సోమవారం శిక్షణ మొదలు. మొదటిరోజు రానివాళ్ల చోట ఇంకొకరిని తీసుకుంటారు కనకలక్ష్మీ. అది నా చేతుల్లో ఉండదు" అంది. ఇంట్లో చెబితే జయపాల్ "చూద్దాం తీ" అన్నాడు. నా పాటికి నేను చీరలు తీసి పెట్టుకున్నాను.

ఆ శనివారం రొట్టెలు తింటూ ఉండగా మళ్లీ కదిపాను. "సోమారం నాకు ట్రైనింగున్నది."

"ట్రైనింగేడికి పోతది? మల్ల పెడ్తరు."

"మల్ల పెట్టరు. మేడం చెప్పింది."

ఆయన కంచంలోంచి తలెత్తాడు. "స్రవంతి కడుపుతోని ఉన్నది. దానికి చిన్నప్పుడు పోయలే. గా పిలగాని పక్కన పండుకుని దానికంటుకుంటే? గప్పుడు నీ ట్రైనింగు అక్కెరకొస్తదా? నీకు మనసెట్ల ఒప్పుతదే?"

స్రవంతి మా ఆడబిడ్డ, హర్షిత్ ఆమె కొడుకు. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో ఉంటుంది. వాళ్లాయన గణపతి బొగ్గుబావిలో షిఫ్టులు చేస్తాడు, ఆయనకు చిన్నప్పుడు తల్లి పోసిందో లేదో చెప్పేవాళ్లు లేరు. కడుపుతో ఉన్న మనిషికి ఈ రోగం తగిలితే తల్లికీ లోపలి బిడ్డకూ ఎంత ప్రమాదమో పనిలో చేరాక నేనే ఊరూరా చెప్పాను. జయపాల్ చెప్పింది అబద్ధం కాదు. అక్కడికి ఒక మనిషి పోవాలి, వచ్చిపోయిన మనిషే పోవాలి. స్రవంతి మీద నాకు ప్రేమ లేకపోతే ఎంత బాగుండును అనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కంచాలు తీసి, చెయ్యి కడుక్కుని, మంజుల మేడానికి ఫోన్ చేశాను.

మేడం తొందరగా చెప్పింది. స్రవంతి ఈ పూటే పక్క క్వార్టరులో పడుకోవాలి. పొద్దున్నే పెద్దదవాఖానకు పోయి కడుపుతో ఉన్న సంగతి, ఇంట్లో పిల్లవాడికి చికెన్‌పాక్స్ వచ్చిన సంగతి ముందే చెప్పి రక్తం చూపించుకోవాలి, అవసరమైతే రక్షణకు ఇంజెక్షన్ ఇస్తారు. పిల్లవాడి దగ్గర ఇదివరకు వచ్చిపోయినవాళ్లు ఉండాలి. "మీ ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరూ లేరా?" అని అడిగింది.

"పెద్దవాళ్లలో నా ఒక్కదానికే వచ్చింది మేడం."

"ఎవరి సంగతీ నా నోటితో చెప్పకూడదు కనకలక్ష్మీ. నీకు తెలుసు. నువ్వు ఇంట్లో అడుగు" అని పెట్టేసింది.

ముందు స్రవంతికి ఫోన్ చేసి మేడం చెప్పినవన్నీ చెప్పాను. ఏడుస్తూనే "అట్లనే వదినె, నువ్వు జెల్ది రా" అంది. ఆ రాత్రి ఇంట్లో నేనేం అడగలేదు, అడగడానికి భయమేసింది కూడా.

ఆదివారం పొద్దున జయపాల్ పొలానికి నీళ్లు పెట్టడానికి పోయాడు. "తయారుండు, వచ్చి బస్టాండుల దింపుత" అని చెప్పి పోయాడు. అత్తమ్మ వసారాలో కూర్చుని చింతపండు కొడుతోంది. నేనూ ఒక రాయి అందుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. నాలుగు కాయలు కొట్టి, గింజలు తీసి, మెల్లగా అడిగాను.

"అత్తమ్మా, గా డాక్టరమ్మ నీకేం చెప్పింది?"

ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. చెప్పదేమో అనుకున్నాను.

"నాకు గూడ తల్లి పోసింది బిడ్డా" అంది. "లాగులేసుకునే చిన్న ఈడుల పోసింది. మొఖం ఇడిచి వీపంత పోసింది. రైక కింది మచ్చలు ఎవలు చూస్తరు? నేనీ ఇంటికొచ్చినంక మా అత్తకు తెలిసింది. ఇగ ఏడ తల్లి పోస్తె ఆడ నన్ను కూసోవెట్టింది. పాలోల్లిండ్లు, సుట్టాలిండ్లు, ఆల్ల సుట్టాలిండ్లు. నా కడుపుల రెండోది పోయినప్పుడు గూడ ఒగలింట్ల మంచం కాడనే ఉన్న. రక్తం కారుతున్నా లేవనియ్యలే. ఎన్నేండ్లు జేసిన్నో! గప్పుడు నిన్ను చూసిన. నీ మొఖం మీద గుంట చూసిన. ఇగ నా వంతు తప్పిందనుకున్న. నాది తల్లిగాదు, ఎండకు లేసిన పొక్కులని అందరికి చెప్పిన. ఇన్నేండ్లు గట్లనే చెప్పుకుంటొచ్చిన. గా డాక్టరమ్మ నా రక్తం చూసి, నీకు ఎన్నడో వచ్చిపోయిందవ్వా అనెటాల్లకు కొంగు మొఖం మీదికి గుంజుకున్న."

నాకు కోపం వచ్చింది. చేతిలో రాయి ఉంది కదా, ఆ కాయ మీద ఎంత గట్టిగా కొట్టానంటే గింజ ఎగిరి వాకిట్లో పడింది. ఆ గోలీల కాగితం, బడిలో నవ్విన టీచర్లు, కోసిన కోళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. అత్తమ్మ నా మొహంలోకి చూడటంలేదు. ఆమె రైక వెనక, మెడ కింద, ఒక తెల్లని గుంట కనపడింది. ఇన్నేళ్లు ఆమె తల దువ్వాను, వీపు రుద్దాను, ఎండ పొక్కుల మచ్చలే అనుకుని పోయాను. ఆమె స్థానంలో నేనున్నా అంతకన్నా మంచి పని చేసేదాన్నని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

"మరి ఆయనకు?" అన్నాను.

"వానికా?" అత్తమ్మ నిట్టూర్చింది. "వానికి నా ఒల్లెనే తగ్గింది. నాలుక మీద గూడ పోసింది, బువ్వ మింగకపోయేది. చిన్నోడు, యాదికుండదు. కని మొన్న డాక్టరమ్మ వానికి గూడ చెప్పింది. వాడు నా కాడికొచ్చి, అవ్వా, కనకకు చెప్పకు, చెప్తే నన్ను పొమ్మంటది అన్నడు."

నేను చింతపండు కొడుతూనే ఉన్నాను. కొట్టడం ఆపితే ఏడుస్తానని తెలుసు. ఇన్నేళ్లూ నాకొక కారణం ఉండేది. నాకు రాదు కాబట్టి నన్ను పంపుతున్నారు, వాళ్లకు వస్తుంది కాబట్టి వాళ్లు పోవడం లేదు. కష్టమైనా అందులో ఒక న్యాయం ఉంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను కూడా, నా ఒంట్లో ఏదో బలం ఉన్నట్టు, అందరినీ కాపాడుతున్నట్టు. ఇప్పుడు చూస్తే ఇంట్లో అందరి ఒంట్లోనూ అదే బలం ఉంది. పోయిన వారం నుంచీ జయపాల్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసి, నిన్న వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, నన్ను పొమ్మన్నాడు. కడుపుతో ఉన్న చెల్లెల్ని అడ్డం పెట్టుకుని "నీకు మనసెట్ల ఒప్పుతది" అన్నాడు. ఊరూరా తిరిగి మగవాళ్లను "మీకు చిన్నప్పుడు తల్లి పోసిందా?" అని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పేవాళ్లు కాదు. అమ్మ దిక్కో భార్య దిక్కో చూసి "నాకు పోసిందానే?" అని అడిగేవాళ్లు. నాకు అది నవ్వులాటగా ఉండేది. వాళ్లకు ఆ సంగతి గుర్తుండాల్సిన పని ఏనాడూ పడలేదని ఇప్పుడు అర్థమైంది. వచ్చిపోయిందా లేదా అన్న ప్రశ్న ఇళ్లలో ఆడవాళ్ల కోసమే ఉంది.

"నేను పోతగాని బిడ్డా" అంది అత్తమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "నా పాపం నేనే కడుక్కుంట. నువ్వు నీ నౌకరికి పో."

"వద్దత్తమ్మా. నువ్వు చేసింది చాలు."

ఆమె నా దిక్కు చూసింది. నేను ఎవరిని పంపుతానంటున్నానో అర్థమైంది ఆమెకు. "వానికి నీల్లు వెట్టేది ఉన్నది గద" అంది. మళ్లీ తనే "నీల్లు నేను వెడ్త. నేను వెట్టని మడులా అవి?" అంది. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

లోపలికి పోయి బ్యాగు సర్దాను. ఎన్నోసార్లు సర్దిన బ్యాగే, చేతులు వాటంతట అవే పోయాయి.

జయపాల్ పొలం నుంచి వచ్చి కాళ్లకు బురదతోనే "బ్యాగు సర్దినవా? బస్సు టైమైతంది" అన్నాడు.

"సర్దిన."

దారిలో హర్షిత్ కోసం కొన్నట్టున్నాడు, బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో ఉన్నాయి. మేనల్లుడంటే ఆయనకు ప్రాణం, అది అబద్ధం కాదు. అవి పెట్టడానికి బ్యాగు జిప్పు తీశాడు. తన లుంగీ చూశాడు. దాని కింద తన చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను. "ఇవి నా బట్టలు" అన్నాడు.

"నీయే."

వాళ్ల అవ్వ దిక్కు చూశాడు. అత్తమ్మ చింతగింజలు ఏరుకుంటూ "గట్ల చూడకు. నేనే చెప్పిన" అంది.

"మొగోన్ని నేను పోయి ఏం జేస్త కనకా?"

"నేను పోయి ఏం జేసేదాన్నో గదే."

"పొలం?"

"నీల్లు నేను వెడ్తగని నువ్వు పో" అంది అత్తమ్మ.

అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన బ్యాగు పక్కన గడప మీద కూర్చుండిపోయి "నాకేం తెల్వదు కనకా, నిజంగనే తెల్వదు" అన్నాడు. గొంతులో భయం నిజమైనదే. నాకు జాలేసింది. ఈ జాలితోనే కదా ఇన్నేళ్లు నన్ను బస్సెక్కించారు! అందుకే ఆయన పక్కన కూర్చోలేదు, నిలబడే చెప్పాను. పిల్లవాడి గోళ్లు కత్తిరించాలి. గోకనివ్వకూడదు, కసరకూడదు. పెరుగన్నం మెత్తగా పిసకాలి. తల్లి పోసినప్పుడు గోలీలు వద్దంటారు, ఆ మాట వినొద్దు, దవాఖానకు చూపించి డాక్టరు రాసినవి వెయ్యాలి. స్రవంతిని ఆ గదిలోకి రానివ్వొద్దు. బట్టలు రోజూ ఉతకాలి, వేరుగా. ఆయన ఒక్కోదానికి తలూపాడు. బట్టల దగ్గరికి వచ్చేసరికి తలూపడం ఆగింది, నేను మళ్లీ చెప్పాను.

బస్సెక్కేముందు ఒక మాట అన్నాడు. "నీకు కోపమొచ్చిందా?"

"వచ్చింది" అన్నాను. పెళ్లయినప్పటినుంచీ ఆ ప్రశ్నకు "లేదు" అనే చెప్పేదాన్ని.

మధ్యాహ్నం స్రవంతి ఫోన్ చేసింది. దవాఖానలో రక్తం తీసుకున్నారట, ఫలితం వచ్చేదాకా పక్క క్వార్టరులోనే ఉండమన్నారట. "వదినె, అన్ననా వచ్చేది?" అని రెండుసార్లు అడిగింది, నమ్మకం కుదరక. "ఆయనకు చిన్నప్పుడే వచ్చిపోయింది స్రవంతీ" అన్నాను. "అట్లనా? మాకెవలకు తెల్వకపాయె" అంది. కాసేపాగి "వదినె, నువ్వు మానుకోటకు పో. నా గురించి పరేషాన్ గాకు" అంది. ఆ పిల్ల మంచితనమే నన్ను చంపుతుంది.

పొద్దుగూకేవేళ చీర ఇస్త్రీ చేసుకుంటుంటే జయపాల్ ఫోన్ వచ్చింది. వెనకనుంచి హర్షిత్ ఏడుపు వినపడుతోంది. "కనకా, వీడు ఒకటే ఏడుస్తుండు. పెరుగన్నం పెడితే ఉమ్మిండు. గోకొద్దంటె గోకుతుండు. చేతులు వట్టుకుంటె నన్ను కొడ్తుండు. మామా పో, అత్తమ్మ గావాలె అంటుండు. నాతోని అయితలేదే. ఒక్కరోజు కోసం వచ్చిపో. ట్రైనింగుకు ఎల్లుండి పోతువు గాని" అన్నాడు. బస్సు ఎన్నింటికి ఉందా అని నా బుద్ధి అప్పుడే లెక్కలు మొదలుపెట్టింది. వస్తున్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పు కనకా, ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

"ఏడిస్తె ఏడ్వనీ. కొడ్తె కొట్టనీ. వాని పక్కన కూసో, లేవకు" అన్నాను. "నాకు పొద్దుగాల మానుకోట బస్సున్నది."